గింజంత గడ్డ

గురువారం పొద్దున గంగాధరం పాలు పితికి, ఆవుకు ఇంత చొప్ప పడేసి ఇంట్లోకి వచ్చేసరికి వంటింట్లో మిక్సీ మోగుతోంది. చెనిక్కాయల చట్నీ వాసన వరండా దాకా వచ్చింది. చంద్రకాంతమ్మ అప్పటికే తలంటుకొని, తడిజుట్టుకు తువ్వాలు చుట్టుకొని, ఒక చేత్తో ఇడ్లీ కుక్కరు దించుతూ ఇంకో చేత్తో కొంగు సర్దుకుంటోంది.

"ఏమయ్యా, ఆ కుర్చీల మీద దుమ్ము తుడిచినావా? పది గంటలకంతా నాయుడుపేటోళ్లు వచ్చేస్తారు. కార్డులో ఎవరి పేర్లు యాడ రావాలో ఈ రోజు తేల్చుకొని పోతామన్నాడు తిరుమలయ్యన్న."

"తుడిచినాలే. వాడేడీ?"

"బాత్రూమ్‌లో. ముప్పావుగంటైంది పోయి. పెండ్లికొడుకు కదా, సబ్బు సగం అరగదీస్తా ఉండాడు."

గంగాధరం నవ్వాడు. ఒక్కగానొక్క కొడుకు జయచంద్రకు ఇరవై తొమ్మిదేళ్లు. సత్యవేడుకు కాస్త దూరంలో ఉన్న పెద్ద పారిశ్రామికవాడలో ఏసీలు తయారుచేసే కంపెనీలో టెక్నీషియన్. పిల్ల మహిత నాయుడుపేటలో బడిపంతులమ్మ, పిల్లలకు లెక్కలు చెబుతుంది. నిశ్చితార్థమై మూడు నెలలైంది. పెళ్లి ఇంకా నలభై రోజుల్లో ఉంది. సంబంధం కుదిరిన రోజు నుంచీ చంద్రకాంతమ్మ కాలు నేల మీద నిలవడం లేదు.

జయచంద్ర బయటికి వచ్చాడు. తల కూడా తుడుచుకోలేదు. నీళ్లు చొక్కా మీదికి కారుతున్నాయి. తల్లి పెట్టిన ఇడ్లీ పళ్లెం ముందు కూర్చొని, ఇడ్లీని నాలుగు ముక్కలు చేసి, ఆ ముక్కల్ని మళ్లీ చిన్న ముక్కలు చేశాడు. ఒక్కటీ నోట్లో పెట్టుకోలేదు.

"తినరా. మీ మామ వచ్చేలోపల చొక్కా మార్చుకోవాల."

"అమ్మా, వాళ్లని రావద్దని చెప్పండి."

"యాల? డ్యూటీకి లీవు పెట్టలేదా?"

"అది కాదు. ఈ పెండ్లి నాకొద్దు."

చంద్రకాంతమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. కొడుకు పరాచికాలాడుతున్నాడనుకొని ముందు నవ్వబోయింది. వాడి మొహం చూసి ఆ నవ్వు ఆగిపోయింది.

"ఏమంటా ఉండావురా? పిల్లకేం తక్కువ? ఏమన్నా అనిందా?"

"ఆ పిల్లను ఏమనొద్దు. తప్పేమీ లేదు తనది."

"మరి నీ మనసులో ఇంగెవరన్నా ఉండారా? ఉంటే ముందే చెప్పుండాల్సింది కదరా! రెండిండ్లలో పసుపు దంచుకునే యాళకి..."

"ఎవురూ లేరమ్మా! నన్నేమీ అడగొద్దు. నేను పెండ్లి చేసుకోను, అంతే." కంచం జరిపేసి లేచాడు. గుమ్మం దగ్గర తండ్రి అడ్డంగా నిలబడి ఉన్నాడు. ఒక్క క్షణం ఇద్దరి చూపులూ కలిశాయి. జయచంద్ర తల దించుకొని పక్కనుంచి జారుకున్నాడు. బైకు శబ్దం వీధి మలుపు దాటిపోయింది.

పిల్ల తండ్రి తిరుమలయ్యకు ఫోన్ చేయాల్సి వచ్చింది. పిల్లోడికి జ్వరంగా ఉండాదని, రెండు రోజులాగి కూర్చుందామని గంగాధరం అబద్ధం చెప్పాడు. అవతల తిరుమలయ్య వెంటనే ఫోన్ పెట్టలేదు.

"బావా, ఒక మాట అడగతా, తప్పుగా అనుకోబాకు. రెండు నెలలుగా అబ్బాయి మా పిల్లతో సరిగ్గా మాట్లాడతా లేడంట. ఫోన్ చేస్తే పనుండాదని పెట్టేస్తా ఉండాడంట. మహిత బయటికి చెప్పదు గానీ, అన్నం తినడం మానేసింది. ఏదన్నా ఉంటే ఇప్పుడే చెప్పండి. కార్డులు అచ్చేసినాక మాత్రం నేను తట్టుకోలేను."

"ఏమీ లేదు బావా. జ్వరమే," అన్నాడు గంగాధరం.

ఫోన్ పెట్టి తిరిగి చూస్తే చంద్రకాంతమ్మ వంటింటి గడప మీద కూలబడి ఉంది.

"నువ్వైనా అడిగి తెలుసుకోవయ్యా. మగోడి కష్టం మగోడికి చెప్తాడు."

"చెప్పేటట్టుంటే పొద్దున్నే చెప్పుండేవాడు."

"చెప్పడు. యాల చెప్తాడు? నీ కొడుకే కదా!" ఆమె గొంతు ఒక్కసారిగా పైకి లేచింది. "వాడికి ఏడేండ్లప్పుడు, ఒక రోజు పొద్దున నువ్వు మంచం ఎత్తుకొనిపోయి వరండాలో వేసుకున్నావు. లోపల ఉక్కగా ఉండాదన్నావు. ఆ ఉక్క ఇరవై రెండేండ్లైనా తీరలేదు. యాలని నేనడిగినానా? నువ్వు చెప్పినావా? ఇంగ నీ కొడుకు నోరు తెరస్తాడా?"

గంగాధరం తువ్వాలు భుజాన వేసుకొని చేను వైపు నడిచాడు.

ఇరవై రెండేళ్లలో చంద్రకాంతమ్మ ఆ సంగతి నోటితో అనడం అదే మొదటిసారి. అడగలేదు గనుక ఆమె పట్టించుకోలేదనుకున్నాడు ఇన్నాళ్లూ. అసలు కారణం అతను ఎవరికీ చెప్పలేదు. ముప్పై ఎనిమిదో ఏట, చెరుకు నరికివచ్చి తొట్టి దగ్గర నీళ్లు పోసుకుంటుంటే, ఎడమవైపు బీజానికి పైన చేతికి ఏదో గింజలా తగిలింది. కందిగింజంత. నొప్పి లేదు. మరునాడు చూస్తే అక్కడే ఉంది. నెల తర్వాతా అక్కడే ఉంది. అంతకుముందు సంవత్సరమే అతని చిన్నాయన దొరస్వామి కడుపులో గడ్డతో, మూడు నెలల్లో ఎముకల గూడై పోయాడు. ఆ మంచం పక్కన కూర్చొని నీళ్లు తాగించింది గంగాధరమే. ఇదీ అదే రోగమని తీర్మానించుకున్నాడు. డాక్టరుకు చూపించుకోవాలంటే సిగ్గు. నిజం తెలుస్తుందంటే అంతకంటే భయం. పైగా అది భార్యకు అంటుకుంటుందేమోనని ఇంకో అనుమానం. ఒక్క ఏడాదిలో పోతాననుకొని మంచం బయట వేసుకున్నాడు. ఏడాది గడిచింది. పోలేదు. రెండోది గడిచింది. ఆ తర్వాత లోపలికి ఏ మొహం పెట్టుకొని వెళ్లాలో తెలియలేదు. గడ్డ మాత్రం మెల్లగా ఉసిరికాయంతైంది. ప్రతి జ్వరానికీ, ప్రతి నడుంనొప్పికీ ఇక సమయం వచ్చిందనుకునేవాడు.

జయచంద్ర సాయంత్రం నాలుగున్నరకు డ్యూటీ నుంచి వచ్చాడు గానీ ఇంట్లోకి పోలేదు. తిన్నగా చేను దగ్గరికి వచ్చి, బోరు మోటారు గది గోడకు ఆనుకొని కూర్చున్నాడు. చెనిక్కాయ మళ్లలో నీళ్లు మళ్లిస్తున్న గంగాధరం కొడుకును చూసి, పార గట్టు మీద వదిలేసి వచ్చాడు.

"మీ మామతో జ్వరమని చెప్పినా."

"జ్వరమని యాల చెప్పినావు? పెండ్లి వద్దన్నానని చెప్పుండాల."

"యాల వద్దో తెలిస్తే అదే చెప్తా."

"నాయనా, నన్ను విసిగించొద్దు."

"ఆ పిల్ల అన్నం తినడం మానేసిందంటరా. మీ అమ్మ పొద్దున్నుంచి పచ్చి నీళ్లు ముట్టలేదు. నీకు చెప్పకుండా ఉండేదానికి హక్కు లేదు. ఇంత దూరం వచ్చినాక లేదు."

జయచంద్ర దిగ్గున లేచాడు. కళ్లు ఎర్రబడ్డాయి. "నేను పెండ్లికి పనికిరాను! సరేనా? ఇంగ అడుగు! ఇంగేం తెలుసుకోవాల నీకు?"

ఆ అరుపుకు గట్టు మీద కొంగలు లేచిపోయాయి. గంగాధరం కదల్లేదు. ఒక్క నిమిషం తర్వాత కొడుకు గోడకే తలానించి, మొహం అటు తిప్పుకొని చెప్పడం మొదలుపెట్టాడు. రెండు నెలల కిందట స్నానం చేస్తుంటే చేతికి గడ్డ తగిలింది. సెల్‌ఫోన్‌లో చదివితే క్యాన్సర్ అని ఉంది. ఎవరికీ చెప్పలేక, బస్టాండులో అంటించిన కాగితం చూసి, ఒక లాడ్జిలో గది తీసుకొని చూసే వైద్యుడి దగ్గరికి పోయాడు. ఆయన సరిగ్గా చూడనైనా చూడకుండా, చిన్నప్పటి చెడు అలవాట్లకు గడ్డకట్టిందని, ఇది ముదిరితే పిల్లలు పుట్టరని, ఆ తర్వాత ప్రాణానికే ముప్పని చెప్పి పొడి పొట్లాలిచ్చాడు. అవి తిన్నప్పటి నుంచి కడుపులో మంట తప్ప గడ్డ తగ్గలేదు.

"ఆ పిల్ల గొంతు కోయమంటావా నాయనా? పెండ్లైన ఏడాదికి నేను పోతే? పిల్లలు లేరని ఊరంతా తనను అంటే? తెలిసి తెలిసి చేసుకోలేను."

గంగాధరం నెమ్మదిగా కొడుకు పక్కనే నేల మీద కూర్చున్నాడు.

"యాడుండాది?"

"నాయనా..."

"సిగ్గుపడబాక, చెప్పు. ఎడంపక్కా? బీజానికి పైనా? ముట్టుకుంటే గింజ మాదిరి, వేరేగా కదలతాదా?"

జయచంద్ర తిరిగి చూశాడు. "నీకెట్ల తెలుసు?"

"నాకూ ఉండాది."

"ఏంది?"

"నాకూ ఉండాది అబ్బయ్యా. నువ్వు రెండో తరగతి చదివేటప్పటి నుంచి. ఇరవై రెండేండ్లు."

కొడుకు నోరు తెరుచుకొని అలాగే చూశాడు.

"డాక్టరు ఏమన్నాడు?"

"పోలేదు."

"ఇరవై రెండేండ్లు డాక్టరు దగ్గరికి పోలేదా? అమ్మకు తెలుసా?"

గంగాధరం తల అడ్డంగా ఊపాడు. ఇరవై రెండేళ్లు బతికాను కదా, మరి ఇది ప్రాణం తీసే గడ్డ ఎలా అవుతుంది అన్న ఆలోచన మొదటిసారి అప్పుడే, కొడుకు మొహంలోకి చూస్తుండగా అతనికి తట్టింది. ఆ వెంటనే ఇంకో భయం పట్టుకుంది. తనది అది కాకపోవచ్చు. వీడిది అయితే?

"రేపు తిరుపతికి పోదాం. ఇద్దరం చూపించుకుందాం," అన్నాడు.

"నువ్వూనా?"

"నేను చూపించుకోకుండా నిన్ను చూపించుకో అని యా నోటితో చెప్పేది?"

మరునాడు మొదటి బస్సుకు బయలుదేరారు. చంద్రకాంతమ్మ అడిగితే పని ఉందన్నారు. నాగలాపురం, పుత్తూరు దాటి తిరుపతి చేరారు. కంపెనీలో పనిచేసే స్నేహితుడికి కిడ్నీలో రాళ్లు తీసిన డాక్టరు పేరు జయచంద్రకు గుర్తుంది. మునిప్రసాద్. ఆయన గది ముందు ముప్పై మంది దాకా ఉన్నారు. అందరూ మగవాళ్లే, అందరూ నేల చూపులే.

డాక్టరుకు నలభై అయిదేళ్లుంటాయి. చిత్తూరు వైపు మనిషని మొదటి మాటతోనే తెలిసిపోయింది.

"చెప్పప్పా, ఎవరికి బాగలేదు?"

"ఇద్దరికీ," అన్నాడు గంగాధరం.

డాక్టరు నవ్వలేదు. ఒకరి తర్వాత ఒకరిని తెర వెనక్కి పిలిచి, లైటార్పి, చిన్న టార్చి వెలుతురు పెట్టి చూశాడు. చేత్తో నెమ్మదిగా తడిమి చూశాడు. "నొప్పుండాదా? బరువు తగ్గినావా? ఎప్పటి నుంచి?" అని అడిగాడు. ఆ తర్వాత ఒక చీటీ రాసి, కింద స్కానింగ్ చేయించుకొని రమ్మన్నాడు.

స్కానింగ్ గదిలో ఉన్నది ఒక ఆడ డాక్టరు. బోర్డు మీద జయంతి అని ఉంది. గంగాధరం గుమ్మంలోనే ఆగిపోయాడు. తనకు కూతురుంటే ఆ వయసుంటుంది.

"అమ్మా, మగ డాక్టరు ఎవురూ లేరా?"

"ఈ రోజుకు నేనే పెద్దాయనా. రండి, పడుకోండి. పొద్దున్నుంచి మీరు పదకొండో ఆయన." దుప్పటి కప్పి, చల్లటి జెల్లు రాసి, తెర వైపే చూస్తూ, "మీది ఏ ఊరు? మీ పక్క చెనిక్కాయ బాగా కాసిందంటనే?" అని మాటల్లో పెట్టింది. చెనిక్కాయ ధర గురించి చెప్పడం పూర్తయ్యేలోపు స్కానింగ్ అయిపోయింది. ఇరవై రెండేళ్లు వాయిదా వేసిన పని పది నిమిషాలు కూడా పట్టలేదు.

రిపోర్టులు పట్టుకొని మళ్లీ పైకి వచ్చి కూర్చున్నారు. కవరు అంటించి లేదు. తెరిచి చూసే ధైర్యం ఇద్దరికీ లేదు. ఎదురుగా కూర్చున్న పల్లెటూరాయన దగ్గుతుంటే గంగాధరం ఆ దగ్గులు లెక్కపెడుతూ కూర్చున్నాడు. ఏమనుకున్నాడో ఏమో, గంగాధరం జయచంద్ర చేతిని తన చేతిలోకి తీసుకున్నాడు. బడిలో చేర్పించిన రోజు తర్వాత కొడుకు చేయి పట్టుకున్నది లేదు.

డాక్టరు ముందు కొడుకు రిపోర్టు చూశాడు. తర్వాత తండ్రిది. రెండూ పక్కపక్కన పెట్టి, కళ్లజోడు తీశాడు.

"ఇద్దరికీ ఒకటే. భయపడాల్సింది ఏమీ లేదు."

సరిగ్గా విన్నామో లేదోనని ఇద్దరూ ఆయన మొహంలోకే చూస్తున్నారు.

"మళ్లీ చెప్తా ఉండా. ఇది క్యాన్సర్ కాదు. క్యాన్సర్‌గా మారేది కూడా కాదు. ఇట్ల సూడండి." తెల్లకాగితం తీసుకొని పెన్నుతో గుండ్రంగా గీశాడు. "ఇది బీజం. దీని వెనకాల, దారపు ఉండ మాదిరి సన్నటి గొట్టం చుట్టుకొని ఉంటాది. ఎపిడిడిమిస్ అంటాం. ఆ గొట్టంలో ఒక్కోసారి చిన్న నీటిబుడగ ఏర్పడతాది. మీ ఇద్దరికీ ఉండేది అదే. లోపల ఉండేది నీళ్లే. బీజాలు రెండూ శుభ్రంగా ఉండాయి."

"పిల్లలు..." అన్నాడు జయచంద్ర.

"దీనివల్ల పిల్లలు పుట్టకపోవడం ఉండదు. మీ నాయన ఉండాడు కదా, ఇన్నేండ్లుగా ఆయనకేమైనా అయిందా? ఎవరన్నా దీన్ని కోసేస్తామంటే ఒప్పుకోబాకు. అనవసరంగా కోస్తే ఆ సన్నటి గొట్టం దెబ్బ తినొచ్చు. బాగా పెద్దదై నొప్పి పెడితే అప్పుడు ఆలోచిద్దాం. లేదంటే దాన్ని దాని మానాన వదిలెయ్యండి. ఎవడో ఇచ్చిన పొడి తింటా ఉండానన్నావే, అది ఈ రోజే పారెయ్."

"మా ఇద్దరికీ ఒకే తీరుగా యాల వచ్చింది సార్? వంశంలో ఉండాదా?" అన్నాడు గంగాధరం.

ఈసారి డాక్టరు నవ్వాడు. "వంశం దాకా పోనక్కరలేదు పెద్దాయనా. ఇది అంత మామూలు. ఏ బాధా లేని మగోళ్లని వంద మందిని నిలబెట్టి స్కానింగ్ చేస్తే, ఇరవై ముప్పై మందికి కనిపిస్తాది. కొన్ని లెక్కల్లో ఇంగా ఎక్కువే. వయసు పెరిగే కొద్దీ ఎక్కువ. పొద్దున మీరొచ్చిన బస్సులో నలభై మంది మగోళ్లుంటే, ఎనిమిది పది మందికి ఉండే ఉంటాది. సగం మందికి ఉండాదనే తెలీదు. తెలిసినోళ్లు మీ మాదిరి లోపల దాచుకొని చస్తా ఉంటారు."

ఆయన కుర్చీ ముందుకు జరుపుకొని, కాస్త గట్టిగా అన్నాడు. "కానీ ఒకటి. గడ్డ తగిలితే చూపించుకోవాల. చేత్తో తడిమితే ఏది మంచిదో ఏది చెడ్డదో మీకు తెలీదు. చెడ్డదైనా తొందరగా వస్తే నయం చేస్తాం. మీరొచ్చినారు, మంచి పని చేసినారు. ఇరవై రెండేండ్లు ఆగిందే తప్పు."

లేవబోతూ గంగాధరం మళ్లీ కూర్చున్నాడు. కొడుకును బయట ఉండమని సైగ చేశాడు. తలుపు మూసుకున్నాక, గొంతు తగ్గించి అడిగాడు.

"సార్... ఇది ఇంట్లో ఆడమనిషికి అంటుకుంటాదా?"

"లేదు పెద్దాయనా. అంటుకునేదే కాదు. సంసారానికి దీనివల్ల ఏ అడ్డమూ లేదు. యాల అడిగినారు?"

గంగాధరం రెండు చేతులూ జోడించి బయటికి వచ్చేశాడు.

ఆస్పత్రి మెట్ల పక్కన సిమెంటు బెంచీ మీద కూర్చున్నాక అతని కళ్లలోంచి నీళ్లు కారడం మొదలైంది. ఆపుకోవాలని చూశాడు గానీ వశం కాలేదు. పోయేవాళ్లు ఎవరికో ప్రాణం పోయిందనుకొని జాలిగా చూస్తూ పోతున్నారు.

"నాయనా, యాల ఏడస్తా ఉండావు? ఏమీ లేదన్నాడు కదా!" జయచంద్ర కంగారుగా పక్కన కూర్చున్నాడు. వాడి మొహం మాత్రం వెలిగిపోతోంది. రెండు నెలల తర్వాత వాడి మొహం వాడిదిలా ఉంది.

"ఏమీ లేదనే ఏడస్తా ఉండా అబ్బయ్యా. ఏమీ లేనిదానికి... మీ అమ్మను..."

జయచంద్రకు అర్థమైనట్టుంది. తండ్రి భుజం చుట్టూ చేయి వేసి కూర్చున్నాడు. తర్వాత ఫోన్ తీశాడు. మహితకు చేశాడు. లేచి పక్కకు పోబోయి, మళ్లీ ఏమనుకున్నాడో అక్కడే కూర్చొని, గడ్డ సంగతి, లాడ్జి వైద్యుడి సంగతి, డాక్టరు చెప్పింది, నిన్న పొద్దున తాను అన్న మాట, ఏదీ దాచకుండా చెప్పాడు. ఫోన్ కట్ అయిందేమోనని వాడు రెండుసార్లు "హలో" అన్నాడు.

అప్పుడు వినపడింది ఆ పిల్ల ఏడుపు.

"ఇదేనా? ఇంతేనా? నాలో ఏం నచ్చలేదోనని రెండు నెలలుగా... నా రంగో, నా ఉద్యోగమో, నేను ఎక్కువ మాట్లాడతాననో... ఎన్ని అనుకున్నానో తెలుసా నీకు?"

"తప్పైపోయింది మహితా."

"ఆదివారం ఇంటికి రా. మా నాయనకు నువ్వే చెప్పు. ఇంగొకసారి ఏదన్నా దాచినావంటే మాత్రం, కార్డులేం, పందిరేసినాక కూడా వద్దంటా."

ఏడుస్తూనే నవ్వింది. జయచంద్ర కూడా అంతే.

ఆ పిల్ల మాటలు పక్కన కూర్చున్న గంగాధరానికి వినపడ్డాయి. నాలో ఏం నచ్చలేదో అన్న ఆ ఒక్క మాట ఇల్లు చేరేదాకా అతన్ని వదల్లేదు.

వాళ్లు ఇల్లు చేరేసరికి మూడు దాటింది. చంద్రకాంతమ్మ వరండాలో చేటలో బియ్యం ఏరుతోంది. కొడుకు వచ్చీరాగానే ఆమె కాళ్ల దగ్గర కూలబడి, "అమ్మా, పెండ్లి చేసుకుంటా. మహితతో మాట్లాడినా, ఆదివారం పోయి మామకు నేనే చెప్తా. నాకు ఏ రోగమూ లేదు," అన్నాడు. ఆమెకు ముందు వెనక ఏమీ అర్థం కాలేదు. వాడు చెప్పుకుపోతుంటే వాడి తల నిమురుతూ, "దానికా, దానికారా నాయనా," అంటూ ఏడ్చింది. ఆకలేస్తోందని వాడే లోపలికి పోయి కుండలో ఉన్న సంగటి పెట్టుకున్నాడు.

గంగాధరం స్తంభం పక్కన నిలబడే ఉన్నాడు.

"చంద్రా, నాకూ ఉండాది అది."

"ఏంది?"

"వాడికి ఉండేదే. ఇరవై రెండేండ్లుగా."

చంద్రకాంతమ్మ చేట కింద పెట్టింది. అతను ఆమె ఎదురుగా కూర్చొని, చిన్నాయన చావు దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పాడు. అంటుకుంటుందని భయపడ్డానని, ఏడాదిలో పోతాననుకున్నానని, పోకపోయేసరికి ఎలా చెప్పాలో తెలియలేదని. చెబుతున్నంతసేపూ ఆమె రెప్ప వేయలేదు.

"ఏ నెలలో?" అంది చివరికి.

"ఏంది?"

"మంచం బయట వేసుకున్నది ఏ నెలలో? నీకు గుర్తుండాదో లేదో, నాకుండాది. శ్రావణంలో. ఆషాఢంలో నాకు గర్భసంచి తీసేసినారు. నాకప్పుడు ముప్పై రెండేండ్లు. కుట్లు మానీ మానకముందే నువ్వు మంచం ఎత్తుకొనిపోయినావు."

ఆ రెండు సంగతులూ ఒకదాని వెంట ఒకటి జరిగాయని గంగాధరానికి ఎన్నడూ తోచలేదు.

"గర్భసంచి తీసేసిన ఆడది నీకు పనికిరాదనుకున్నావని అనుకున్నానయ్యా!" అంది ఆమె. "మా అమ్మతో చెప్పుకోలేదు. మా అన్నతో చెప్పుకోలేదు. నాలో ఆడతనం పోయిందని, నువ్వు మంచోడివి గనక ఇంగో పెండ్లి చేసుకోకుండా ఇంట్లో పెట్టుకొని అన్నం పెడతా ఉండావని, రోజూ నీకు దండం పెట్టుకుంటా బతికినా. ఒక్క మాట చెప్పుంటే ఏమయ్యా? ఒక్క మాట!"

రెండు చేతులతో అతని రొమ్ము మీద కొట్టింది. గట్టిగానే కొట్టింది. గంగాధరం ఆపలేదు. "కొట్టు. కొట్టు చంద్రా. నీది ఏ తప్పూ లేదు. నువ్వు అనుకున్నది నేను ఒక్కరోజు కూడా అనుకోలేదు. నా భయం నన్ను తినేసింది, నిన్నూ తినేసింది," అన్నాడు. ఆ చేతులు అలసిపోయి అతని భుజాల మీదే ఆగిపోయాయి. లోపల సంగటి తింటున్న కొడుకు అంతా వింటున్నాడని తెలిసినా ఇద్దరిలో ఎవరూ లేవలేదు.

చాలాసేపటికి ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. అతని మొహమూ అదే కొంగుతో తుడిచింది.

"ఇప్పుడు నొప్పేం లేదు కదా?"

"లేదు."

"డాక్టరు సరిగ్గా చూసినాడా? బాగా చూసి చెప్పినాడా?"

"స్కానింగ్ తీసినారు. ఒక ఆడపిల్ల తీసింది. నా మానం పోయింది."

చంద్రకాంతమ్మ ఫక్కున నవ్వింది. ఏడుపు ఇంకా కళ్లలో ఉండగానే నవ్వింది. ఆ నవ్వు ఇంట్లో విని ఎన్నేళ్లైందో లెక్క కట్టడానికి గంగాధరానికి ధైర్యం చాలలేదు.

పది రోజులకు కార్డులు వచ్చాయి. మొదటి కార్డు నాగలాపురంలో ఉన్న చంద్రకాంతమ్మ అన్న బాలసుబ్రమణ్యానికి ఇవ్వాలని భార్యాభర్తలిద్దరూ కలిసి పోయారు. ఆయన హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. ఇంట్లో భార్య వరదమ్మతో కూడా అవసరమైనన్ని మాటలే మాట్లాడతాడు. కాఫీలు తాగుతుండగా, పెళ్లి ఆగబోయి నిలిచిన కథ గంగాధరం దాచకుండా చెప్పాడు. తన సంగతీ చెప్పాడు.

"ఇవన్నీ బయట చెప్పుకునే మాటలా బావా?" అన్నాడు బాలసుబ్రమణ్యం ముఖం చిట్లించి. "ఆడోళ్లు ఉండారు ఈడ."

"ఆడోళ్లకి చెప్పకనే కదా బావా ఇంత దూరం వచ్చింది," అన్నాడు గంగాధరం.

ఆయన కాఫీ గ్లాసు పక్కన పెట్టి, పేపరు చేతికి తీసుకున్నాడు. వరదమ్మ వాయనం పెట్టి పంపేటప్పుడు మాత్రం వీధి చివరిదాకా వెంట వచ్చాడు. చంద్రకాంతమ్మ నాలుగడుగులు ముందు పోయాక, గంగాధరం చొక్కా చెయ్యి పట్టుకొని ఆపాడు.

"బావా, ఆ డాక్టరు పేరేమన్నావు?"

"మునిప్రసాద్. యాల?"

"తెలిసినోళ్లు ఒకరుండారు. వాళ్లకు చెప్పాల."

గంగాధరం ఆయన మొహంలోకి చూశాడు. "ఆ తెలిసినోళ్లకి ఎన్నేండ్లుగా ఉండాది?"

బాలసుబ్రమణ్యం వీధిలో అటూ ఇటూ చూశాడు. "తొమ్మిది," అన్నాడు మెల్లగా. "కుడిపక్క. అదేనంటావా బావా?"

"నేను చెప్పలేను. డాక్టరే చూసి చెప్పాల. సోమవారం మొదటి బస్సు ఎక్కు, నేను నీకు తోడొస్తా. అందాకా ఒక్కడివే భయపడబాకు."

అరవై ఆరేళ్ల మనిషి, కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. ముందు నడుస్తున్న చంద్రకాంతమ్మ ఆగి, వెనక్కి తిరిగి, "ఏందంట అన్న?" అని అడిగింది.

గంగాధరం బావ వైపే చూశాడు.

"ఉండమ్మా, వచ్చి చెప్తా," అన్నాడు బాలసుబ్రమణ్యం. "ముందు మీ వదినకు చెప్పాల." ఆ మాటతో గిరుక్కున తిరిగి ఇంటి వైపు గబగబా నడిచాడు. మెట్లెక్కుతూనే, వీధిలోకి వినపడేంత గట్టిగా పిలిచాడు.

"వరదా! రోంత ఇట్ల రా, నీతో ఒక మాట చెప్పాల."